అక్షరాల లెక్క: ఊహించడం వేరు, తేల్చడం వేరు

ఒక కోడ్ భాషలో ‘లవ్’ అనే ఇంగ్లీషు మాటను 54 అని రాస్తే, ‘హేట్’ను ఏమని రాయాలి? పోటీ పరీక్షల రీజనింగ్ విభాగంలో కోడింగ్–డీకోడింగ్ ప్రశ్న అంటే ఇలాగే ఉంటుంది. తెలుగు మీడియం పేపర్లో కూడా ఈ ప్రశ్నల్లో కనిపించేవి ఇంగ్లీషు అక్షరాలే. ఏ నుంచి జెడ్ దాకా వరసగా 1 నుంచి 26 విలువలు వేసుకుని ఎల్, ఓ, వి, ఈ కూడితే 12, 15, 22, 5. మొత్తం 54. సూత్రం దొరికింది. అదే పద్ధతిలో హెచ్, ఏ, టి, ఈ అంటే 8, 1, 20, 5. జవాబు 34. సాధన చేసిన అభ్యర్థికి ఇది పది సెకన్ల పని.

ఇప్పుడు విలువలను తిరగేసి, జెడ్‌కు 1, వైకి 2, అలా ఏకి 26 వచ్చేలా వేసుకుంటే? ఎల్ 15, ఓ 12, వి 5, ఈ 22. మొత్తం మళ్ళీ 54! ఈ సూత్రం ప్రకారం హేట్ విలువ 19, 26, 7, 22 కలిపి 74. ఆప్షన్లలో 34, 74 రెండూ ఉంటే ఏది దిద్దాలి?

54 రెండుసార్లు రావడం వెనక కారణం ఉంది. ఏ అక్షరానికైనా ముందు నుంచి లెక్కపెట్టిన స్థానం, వెనక నుంచి లెక్కపెట్టిన స్థానం కలిపితే 27 వస్తుంది. అలా ఒకదానికొకటి ఎదురుగా నిలిచే అక్షరాల జతలు గుర్తుండడానికి కోచింగ్ సెంటర్లలో కొండగుర్తులు చెబుతారు. జి–టికి జీటీ రోడ్డు, హెచ్–ఎస్‌కు హైస్కూల్, ఐ–ఆర్‌కు ఇండియన్ రైల్వే, జె–క్యూకి జాక్–క్వీన్, ఎమ్–ఎన్‌కు మ్యాన్. ఎల్–ఓకి చెప్పే కొండగుర్తు లవ్. ఆ మాటలో మిగిలిన వి, ఈ కూడా ఎదురుజతే. రెండు జతలు కాబట్టి ఎటు నుంచి కూడినా రెండు 27లు, అంటే 54. ఇలాంటి మాటను ఒక్కదాన్నే ఉదాహరణగా ఇచ్చి ప్రశ్న అడిగితే తప్పు అభ్యర్థిది కాదు, ప్రశ్నది.

అక్షరాలకు అంకెలు వేసే ప్రశ్నలన్నీ పైకి ఒకేలా ఉంటాయి. లోపల మాత్రం రెండు జాతులున్నాయి. ఒకదానిలో ప్రశ్న తయారుచేసినవారు ఏ సూత్రం అనుకున్నారో పట్టుకోవాలి. అక్కడ జరిగేది ఊహ. ఎంత తెలివైన ఊహ అయినా అది నిరూపణ కాదు, ఎందుకంటే ఇచ్చిన ఒకటి రెండు ఉదాహరణలకు సరిపోయే సూత్రాలు ఎన్నైనా అల్లవచ్చు. రెండోదానిలో నియమాలన్నీ ముందే చెప్పేస్తారు. దాచేది అంకెలను మాత్రమే. అక్కడ ఒక్కో అడుగూ తర్కంతో వేసుకుంటూ పోతే, చివరికి వచ్చే జవాబు తప్ప మరోటి సాధ్యం కాదని చూపించవచ్చు. చాలామంది అభ్యర్థులు ఈ రెండింటికీ ఒకే మందు వాడతారు. సూత్రం పట్టుకోవాల్సిన చోట అన్ని అవకాశాలూ కొట్టేస్తూ కూర్చుంటారు, తర్కం నడపాల్సిన చోట అంకెలు వేసి చూస్తూ పోతారు. సమయం పోయేది అక్కడే.

మొదటి జాతి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఐదేసి అక్షరాలకు ఒకటి చొప్పున ఈ 5, జె 10, ఓ 15, టి 20, వై 25 అని గుర్తుంటే మిగతా స్థానాలు వేళ్ళ మీద వస్తాయి. కూడిక, తిరగేసిన కూడిక, అక్షరాల సంఖ్యతో గుణకారం, వర్గాలు, ఒకటి వదిలి ఒకటి. పరీక్షల్లో తిరిగేవి ఈ నాలుగైదు సూత్రాలే. రెండో ఉదాహరణ ఇస్తే దాని మీద సూత్రాన్ని సరిచూడకుండా ముందుకు పోకూడదు. ఇవ్వకపోతే సూత్రాల్లో అతి సరళమైనదాన్ని పట్టుకోవడం రివాజు. అది రివాజే కానీ తర్కం కాదని గుర్తుంటే చాలు. ఈ కోడ్‌లకు ఇంకో లోపం కూడా ఉంది. అక్షరాల మొత్తం తీసుకునే కోడ్‌లో ‘డాగ్’ విలువ 4, 15, 7 కలిపి 26. అవే అక్షరాలు తిరగబడిన ‘గాడ్’ విలువా 26. మాట నుంచి అంకెకు దారి ఉంది, అంకె నుంచి మాటకు లేదు.

మాట నుంచి అంకెకు పోయే దారిని బహిరంగంగా ఉంచిన పద్ధతి మన దగ్గర శతాబ్దాలుగా ఉంది. అదే కటపయాది. క, ట, ప, య అక్షరాలకు 1, ఆ తర్వాతి వాటికి వరసగా విలువలు, న, ఞ లకు సున్న. వచ్చిన అంకెలను కుడి నుంచి ఎడమకు చదవాలి. కర్ణాటక సంగీతంలో 72 మేళకర్త రాగాల పేర్లలో మొదటి రెండు అక్షరాలు ఈ పద్ధతిలోనే కుదిరాయి. మాయామాళవగౌళలో మ అంటే 5, య అంటే 1. తిరగేస్తే 15, అది 15వ మేళం. మేచకళ్యాణిలో మ 5, చ 6, తిరగేస్తే 65. ఖరహరప్రియలో ఖ, ర రెండూ 2 కాబట్టి ఎటు చదివినా 22. శంకరాభరణానికి ముందు ‘ధీర’ చేరింది కూడా ధ 9, ర 2 అయి 29 పలకడానికే. ఇక్కడ ఊహించాల్సింది ఏమీ లేదు. పట్టిక కంఠస్థం చేసినవారికి రాగం పేరులోనే దాని సంఖ్య వినిపిస్తుంది.

పరీక్షల్లోకి తిరిగొస్తే, తర్కానికి మొదటి మెట్టు వాక్యాల కోడింగ్. బ్యాంకు పరీక్షలు రాసేవారికి ఇది బాగా అలవాటైన ప్రశ్న. ఒక కోడ్ భాషలో ‘మామిడి తీపి పండు’ను 4 7 2 అని, ‘పండు కోసి పెట్టు’ను 9 2 5 అని, ‘మామిడి చెట్టు పెట్టు’ను 5 1 7 అని రాస్తారనుకుందాం. అంకెల వరస మాటల వరసతో కలవాలని లేదు. మొదటి రెండు వాక్యాల్లో ఉమ్మడి మాట పండు, ఉమ్మడి అంకె 2. రెండు, మూడు వాక్యాల్లో ఉమ్మడిగా ఉన్నవి పెట్టు, 5. ఒకటి, మూడులో మామిడి, 7. ఇక తీపికి 4, కోసికి 9, చెట్టుకు 1 మిగులుతాయి. ఆరు మాటలూ తేలిపోయాయి. ఎక్కడా ఊహ లేదు.

ఈ లెక్కలో అసలు విషయం మూడో వాక్యాన్ని కొట్టేసి చూస్తే తెలుస్తుంది. అప్పుడు పండు 2 అన్నది మాత్రం నిలుస్తుంది. మామిడి 4 కావచ్చు, 7 కావచ్చు. ఏదని అడిగితే సరైన జవాబు ‘ఇచ్చిన సమాచారం చాలదు’. ఆప్షన్లలో చివర ఉండే ఈ జవాబును చాలామంది దింపుడుకళ్లం ఆశగా చూస్తారు. నిజానికి అదీ లెక్క కట్టి చేరుకోవాల్సిన జవాబే. రెండు వేర్వేరు పంపకాలు నియమాలన్నింటికీ సరిపోతాయని చూపిస్తే, సమాచారం చాలదన్నది అక్కడికక్కడే రుజువైపోతుంది. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోసే ఏపీపీఎస్సీ లాంటి పరీక్షల్లో ఈ తేడా ఖరీదైనదే.

రెండో జాతికి అసలైన ప్రతినిధి అక్షరాల కూడిక. వీటిలో అన్నింటికన్నా పేరు మోసినది ఇంగ్లండ్‌కు చెందిన పజిళ్ల రచయిత హెన్రీ డ్యూడెనీ 1924 జులైలో స్ట్రాండ్ మ్యాగజైన్‌లో ఇచ్చిన లెక్క. ‘సెండ్ మోర్ మనీ’, అంటే ఇంకా డబ్బు పంపు అని.

ఎస్ ఈ ఎన్ డి
+ ఎమ్ ఓ ఆర్ ఈ
= ఎమ్ ఓ ఎన్ ఈ వై

నియమాలు మూడే. ఒక అక్షరానికి అంతటా ఒకే అంకె. వేర్వేరు అక్షరాలకు వేర్వేరు అంకెలు. ఏ సంఖ్యా సున్నతో మొదలు కాకూడదు. ఎనిమిది అక్షరాలకు పది అంకెల్లోంచి ఎనిమిదిని పంచే విధానాలు 18,14,400. కంప్యూటర్ కన్నుమూసి తెరిచేలోగా అన్నీ చూసేస్తుంది. మనిషి మాత్రం వాటిలో నాలుగైదు కూడా చూడక్కర్లేదు.

మొదలుపెట్టాల్సింది ఎడమ చివర. నాలుగంకెల సంఖ్యలు రెండు కూడితే మొత్తం ఇరవై వేలు దాటదు. కాబట్టి ఐదో స్థానంలోకి ఎగబాకిన ఎమ్ 1 తప్ప మరోటి కాదు. వేల స్థానంలో ఎస్‌కు ఆ 1ని, వందల నుంచి వచ్చే క్యారీ (పక్క స్థానానికి మోసుకెళ్ళే అంకె) ఏమైనా ఉంటే దాన్ని కలిపితే పదో, పదకొండో రావాలి. కింద ఓ స్థానంలో పడేది 0 లేదా 1. ఎమ్ ఇప్పటికే 1 కాబట్టి ఓ అంటే సున్న. ఎస్ 9 కావాలి, లేదా వందల నుంచి క్యారీ వచ్చి ఉంటే 8.

వందల స్థానంలో ఈకి సున్న కలుస్తోంది, కింద ఎన్ వస్తోంది. సున్న కలిపితే ఏమీ మారకూడదు. కానీ ఈ, ఎన్ వేరు అక్షరాలు. అంటే పదుల నుంచి క్యారీ తప్పకుండా వచ్చింది, ఎన్ విలువ ఈ కన్నా ఒకటి ఎక్కువ. ఈ లెక్కంతటికీ ఆయువుపట్టు ఇదే. వందల నుంచి వేలకు క్యారీ పోవాలంటే ఈ 9 అయి ఎన్ 0 కావాలి. సున్న ఇప్పటికే ఓ సొంతం. కాబట్టి వేలకు క్యారీ పోలేదు, ఎస్ 9.

పదుల స్థానంలో ఎన్, ఆర్ కలిపితే, ఒకట్ల నుంచి క్యారీ ఉంటే అదీ చేర్చితే, కింద ఈ పడి పైకి ఒకటి పోతోంది. ఎన్ అంటే ఈ కన్నా ఒకటి ఎక్కువ కదా. రెండు వైపులా ఈని తీసేస్తే ఆర్, క్యారీ కలిపి 9 కావాలని తేలుతుంది. తొమ్మిది ఎస్‌కు పోయింది కాబట్టి ఆర్ 8, క్యారీ 1.

ఇక మిగిలినవి 2 నుంచి 7 దాకా ఉన్న అంకెలు. ఒకట్ల స్థానంలో డి, ఈ కలిపితే పది దాటాలి. వై సున్నో ఒకటో కాలేదు కాబట్టి మొత్తం కనీసం 12. మిగిలిన ఆరు అంకెల్లో 12 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఇచ్చే జతలు 5, 7 ఒకటి. 6, 7 ఒకటి. రెండు జతల్లోనూ 7 ఉంది. ఈ 7 అయితే ఎన్ 8 కావాలి, అది ఆర్‌ది. కాబట్టి డి 7. ఈ 6 అయితే ఎన్ 7 అయి డితో తగాదా. ఇక ఈ 5, ఎన్ 6, వై 2. 9567కు 1085 కలిపితే 10652.

దీనికి ఇంకో జవాబు లేదని విడిగా నిరూపించక్కర్లేదు. ప్రతి అడుగులోనూ మిగతా దారులు మూసుకుంటూ వచ్చాం కాబట్టి నిరూపణ అందులోనే అయిపోయింది. జవాబును సరిచూసుకోవడానికి తొమ్మిదితో భాగించే పాత కిటుకు పనికొస్తుంది. ఏ సంఖ్యనైనా తొమ్మిదితో భాగిస్తే వచ్చే శేషం, దాని అంకెల మొత్తాన్ని భాగిస్తే వచ్చే శేషం ఒకటే. లెక్కలో పైన, కింద సమానంగా ఉన్న అక్షరాలు కొట్టుకుపోతే ఎస్, ఈ, డి, ఆర్ ఒక వైపు, వై ఒక వైపు మిగులుతాయి. 9, 5, 7, 8 కలిపితే 29, శేషం 2. వై కూడా 2. కొన్ని లెక్కల్లో ఈ కిటుకును ముందే ప్రయోగిస్తే సగం దారులు మూసుకుపోతాయి. దీన్ని షార్ట్‌కట్ అనడం తక్కువ చేయడమే, ఇదీ తర్కమే.

ఇలాంటి లెక్కలకు క్రిప్టరిథమ్ అన్న పేరు 1931లో బెల్జియం పత్రిక స్ఫింక్స్‌లో వచ్చింది. మన ఇంజినీరింగ్ పట్టభద్రులు వీటిని ఎక్కువగా ఎదుర్కొనేది ఈలిట్మస్ లాంటి ఉద్యోగ పరీక్షల్లో. అక్కడ కూడికకు బదులు గుణకారం ఇస్తారు. మూడంకెల సంఖ్యను మూడంకెల సంఖ్యతో హెచ్చవేసి, మధ్యలో వచ్చే వరసలన్నీ అక్షరాల్లోనే ఉంచుతారు. చూడగానే కళ్ళు తిరుగుతాయి కానీ, గుణకారంలో ఆధారాలు కూడిక కన్నా ఎక్కువ. ఒక అక్షరాన్ని మరో అక్షరంతో హెచ్చవేస్తే ఒకట్ల స్థానంలో ఆ రెండోదే తిరిగి వచ్చిందనుకుందాం. అప్పుడు మొదటిది 1, లేదా రెండోది 0, లేదా రెండోది 5 అయి మొదటిది బేసి, లేదా మొదటిది 6 అయి రెండోది సరి. ఇంతకు మించి అవకాశం లేదు. ఈ నాలుగు వాక్యాలు చేతిలో ఉంటే పెద్ద లెక్క కూడా ముందు ఒక మూల నుంచి విడిపోవడం మొదలవుతుంది. ఏ మూల ముందు విడుతుందో చూడగలగడమే నేర్పు. దానికి సాధన తప్ప అడ్డదారి లేదు. పది అంకెలకే కట్టుబడకుండా ఎన్ని అంకెలున్న పద్ధతికైనా ఈ లెక్కలను విస్తరిస్తే, అన్నింటినీ వేగంగా విప్పే సాధారణ పద్ధతి కంప్యూటర్ శాస్త్రానికి కూడా తెలియదు. ఇవి ఎన్‌పీ–కంప్లీట్ అనే కఠిన సమస్యల తరగతికి చెందుతాయని కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ ఎప్‌స్టీన్ 1987లో నిరూపించాడు. మామూలు పది అంకెలకు ఆ బెడద లేదనుకోండి.

తెలుగులో ఇలాంటి లెక్కలు కట్టడం అరుదు. గుణింతాలు, ఒత్తులు అడ్డమని అనుకోవడమే కారణం కావచ్చు. గళ్ళనుడికట్టు పూరించేవారికి ఆ అడ్డు ఎప్పుడూ లేదు, ఒక గడిలో ఒక అక్షరం. అదే పద్ధతిలో ‘మ్మ’ ఒక అక్షరం, ‘నా’ ఒకటి, ‘న’ వేరొకటి. పైగా ఇంగ్లీషులో దొరకని సొగసులు మన మాటల్లో ఉన్నాయి. గలగల, గబగబ, పకపక, చకచక లాంటి జంటమాటలు ఏవి తీసుకున్నా, వాటి స్థానంలో ఏ అంకెలు పడినా, వచ్చే సంఖ్య 101తో నిశ్శేషంగా భాగించబడుతుంది. ‘గల’ను 101తో హెచ్చవేస్తేనే ‘గలగల’. 101 ప్రధాన సంఖ్య, ‘గల’ రెండంకెలది, కాబట్టి గలగల ఎన్నటికీ వర్గసంఖ్య కాలేదు.

చుట్టరికాల మాటలు ఇంకా బాగా కుదురుతాయి. అమ్మ + నాన్న = అమ్మమ్మ అనే లెక్క తీసుకుంటే, రెండంకెల సంఖ్యలు రెండు కలిసి మూడంకెలైంది కాబట్టి అ 1. ఒకట్ల స్థానంలో మ్మకు న్న కలిపితే మళ్ళీ మ్మే వచ్చింది, అంటే న్న 0. పదుల స్థానంలో 1, నా కలిస్తే పది మీద మ్మ రావాలి. నా 9 అయితేనే అది కుదురుతుంది, అప్పుడు మ్మ 0. కానీ సున్న ఇప్పటికే న్నది. లెక్కకు జవాబే లేదు. 10కి 90 కలిపితే 100 అన్న కూడిక సరైనదే అయినా నియమం ఒప్పుకోదు. అంకెలు వేసి చూసే పద్ధతిలో ‘ఇంకా దొరకలేదు’ అని మాత్రమే అనగలం. ‘లేదు’ అనడానికి తర్కం కావాలి. ఇక్కడ అది నాలుగు వాక్యాల్లో తేలింది.

తండ్రి వైపు వెళితే కథ మారుతుంది. అమ్మ + నాన్న = నాన్నమ్మ. ఈసారి నా 1. ఒకట్లలో మ్మకు న్న కలిపితే మ్మ, కాబట్టి న్న 0. పదుల్లో అ, 1 కలిసి 10 కావాలి, అ 9. మ్మ మాత్రం ఎటూ తేలదు. పైన ఎంత ఉంటే కింద అంత, 2 నుంచి 8 దాకా ఏదైనా సరే. 92కి 10 కలిపితే 102, 95కి 10 కలిపితే 105. మొత్తం ఏడు జవాబులు. ‘అ ఎంత?’ అని అడిగితే 9 అని ధీమాగా చెప్పవచ్చు. ‘అమ్మ ఎంత?’ అని అడిగితే సమాచారం చాలదు. ఒకే లెక్కలో ఒక ప్రశ్నకు జవాబు ఉండి, పక్క ప్రశ్నకు లేకపోవడం అంటే ఇదే.

వర్ణక్రమం మారినా ఫలితం మారుతుంది. ఎక్కువమంది పలికినట్టు ‘నానమ్మ’ అని రాస్తే మధ్య అక్షరం న అవుతుంది. అదీ సున్నే కావాల్సి వస్తుంది, న్నతో తగాదాపడి లెక్క చెడుతుంది. ‘నాయనమ్మ’ నాలుగు అక్షరాల మాట, రెండంకెల కూడిక అంత దూరం పోదు. తెలంగాణలో వాడే ‘బాపమ్మ’ పెడితే బా 1, న్న 0 అని మాత్రం తేలి, మిగతా అక్షరాలకు 120 రకాల పంపకాలు సరిపోతాయి. లెక్క కట్టేవారు ఇవన్నీ చూసుకుని, ఎక్కడ ఏ షరతు చేరిస్తే జవాబు ఒక్కటే నిలుస్తుందో వెతకాలి. నాన్నమ్మ లెక్కకు ‘అమ్మ ప్రధాన సంఖ్య’ అన్న ఒక్క షరతు చాలు. 92 నుంచి 98 లోపు ప్రధాన సంఖ్య 97 ఒక్కటే. 97 + 10 = 107.